బొటనవేలి దోషం

"బొటనవేలి దోషం" అనే మాటను పుట్టించింది యూనివర్సిటీలో భూగోళం చెప్పే ఆవిడే. దేశాలు దాటి వెళ్ళే మనుషుల గురించి చదువు చెప్పే ఏ తరగతిలోనైనా మొదటి నెలలోనే ఆ మాట వస్తుంది. రేవు గేటు దగ్గర ఒక గుమాస్తా నిలబడి ఉంటాడు కదా. అతని గుప్పెట్లో చిన్న ఇనుప కౌంటర్ ఉంటుంది. మనిషి దాటినప్పుడల్లా బొటనవేలితో టిక్కుమని నొక్కితే ఒక అంకె పెరుగుతుంది. పొద్దుట్నించీ నొక్కీ నొక్కీ అలిసిపోయి, ఒక్కోసారి ఒక మనిషికి రెండు నొక్కులు నొక్కేస్తాడట! అందుకే బయల్దేరినవాళ్ళ లెక్క చేరినవాళ్ళ లెక్క కంటే ఎప్పుడూ కాస్త ఎక్కువ తేలుతుందని ఆవిడ సిద్ధాంతం. క్లాసులో చెయ్యెత్తి, కళ్ళు సగం మూసి, నిద్రలో జోగుతున్నట్టు బొటనవేలు టకటకా ఆడించి చూపించేది. పిల్లలు పగలబడి నవ్వేవారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు. పాపం, వాళ్ళదేం తప్పు?

ఆవిడ చిన్నప్పుడు కిటికీ దగ్గర కూర్చుని, ఎదురింటివాళ్ళు సామాను ఎక్కించుకుని ఎటు పోతున్నారో, వాళ్ళ ఇంట్లో కొత్తగా ఎవరు దిగారో కాపీ పుస్తకంలో రాసుకునేది. "ఎవరెటు పోతే నీకెందుకే? నీ అన్నం నువ్వు తిను" అని వాళ్ళమ్మ నెత్తిన మొట్టేది. పెద్దయ్యాక సరిగ్గా ఆ పనికే యూనివర్సిటీవాళ్ళు పిలిచి మరీ ఉద్యోగం ఇచ్చారు. భూగోళ శాస్త్రం అంటే కొండలూ నదులే అనుకునే రోజుల్లో, మనుషులు కదలడం కూడా భూగోళమేనని వాదించి నెగ్గింది. స్టేషన్లలో, రేవుల్లో, పర్మిట్ ఆఫీసుల వరండాల్లో అట్ట మీద కాగితాలు పెట్టుకుని "ఎక్కణ్ణించి? ఎక్కడికి? ఎందుకు? ఎన్నాళ్ళకి?" అని అడిగి అడిగి గొంతు బొంగురుపోయింది. ఆ గొంతు తర్వాత ఎప్పటికీ మామూలు కాలేదు.

పేరు తెచ్చింది మాత్రం ఇరవై తొమ్మిదో ఏట రాసిన వ్యాసం. రెండు దేశాల లెక్కలు ఎప్పుడూ కలవవు. ఆ ఏడాది ఈ ఒడ్డున రేవు దాటినవాళ్ళు మూడు వేల రెండు వందల పద్దెనిమిది. ఆ ఒడ్డున దిగినవాళ్ళు మూడు వేల నూట డెబ్బై ఏడు. ఏది నమ్మాలో తెలియక పెద్ద పెద్దవాళ్ళే తలలు పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ చిటికెలో తేల్చేసింది. అక్కడ దిగినవాళ్ళకి కార్డులు రాస్తారు, ఇక్కడ వేలితో నొక్కుతారు. కార్డును నమ్మాలి, వేలిని దిద్దాలి. నలభై ఒకటి కొట్టేసి, రెండు వైపులా ఒకటే అంకె వేసి, "గేటు గుమాస్తా బొటనవేలి అలసట వల్ల" అని అడుగున చిన్న అక్షరాల్లో రాసింది. రాస్తూ తనలో తనే నవ్వుకుంది కూడా. ఎన్ని దేశాలు ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకున్నాయో చెప్పలేం. ఆవిడ పటాల నిండా ఒక దేశం నించి ఇంకో దేశానికి లావూ సన్నం బాణాలే కాబట్టి, పిల్లలు చాటున ఆవిణ్ణి బాణాలమ్మ అనేవారు. తెలిసినా తెలియనట్టే ఊరుకునేది. లోపల ముచ్చటగానే ఉండేది.

ఇప్పుడు అరవై నిండాయి. ఇంకో నెలలో ఉద్యోగం ముగుస్తుంది. ఆవిడ పటాలన్నీ కలిపి ఒక పెద్ద పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. ఆ పటాలన్నీ గీసిన డ్రాఫ్ట్స్‌మన్ ఆవిడకంటే పదేళ్ళు పెద్ద. డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఆయన బాబాయి. రిటైరైనా ఈ పుస్తకం కోసం రోజూ వచ్చి, కింద దీపం వెలిగే గాజు బల్ల మీద వంగి, బాణాల అంచులు చెక్ చేస్తున్నాడు. నలుగురిలో ఆవిణ్ణి "మేడమ్ గారూ" అంటాడు. ఎవరూ లేకపోతే "అమ్మాయ్" అంటాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఒకాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. చంకలో గుడ్డ సంచి, కాళ్ళకి బాగా తుడిచిన పాత బూట్లు.

"నమస్కారం మేడమ్. నన్ను రేవులో అందరూ బొటనవేలు అంటారండి" అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. ఎవరో పాత విద్యార్థి సరదా పడుతున్నాడనుకుంది. "భలే పేరే! ఎవరు పెట్టారు?"

"మీరేనండి."

గాజు బల్ల దగ్గర బాబాయి తలెత్తి చూశాడు. ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది. కుర్చీ చూపించింది. ఆయన అంచు మీద కూర్చుని, గొంతు పెంచకుండా, ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా మెల్లగా చెప్పుకొచ్చాడు.

ఆ ఏడాది గేటు దగ్గర ఉన్న గుమాస్తా ఆయనే. వ్యాసం వచ్చాక ఆఫీసులో ఎవరో దాన్ని చదివి, "ఇతగాడికి లెక్క రాదు" అని గేటు నించి తీసేసి తాళ్ళూ తార్పాలిన్లూ ఉండే గోడౌన్‌లో పడేశారు. పేరు మాత్రం వెంటే వచ్చింది. టీ తాగడానికి వెళ్తే "బొటనవేలూ, ఎన్ని కప్పులు? రెండా, నాలుగా?" అని ఆటపట్టించేవారు.

"దానికి నేనేం బాధపడలేదండి. బాధపడ్డానుకోండి... అది వేరే సంగతి. నేనొచ్చింది మా చెల్లి గురించి."

చెల్లెలికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. అవతలి ఒడ్డున కుట్టు మిషన్ల ఫ్యాక్టరీలో పని దొరికింది. పెద్ద ఓడలో చోటు లేక, ఒక ఏజెంటు అప్పటికప్పుడు ఏర్పాటు చేసిన లాంచీ ఎక్కింది. గేటు దగ్గర అన్నయ్యే. "నన్ను కూడా లెక్కపెడతావా?" అని నవ్వింది. "ఎందుకు పెట్టను, నువ్వేమైనా దొరసానివా?" అని టిక్కుమని నొక్కాడు. పంతొమ్మిదో నొక్కు. లాంచీ నిండేసరికి నలభై ఒకటి.

ఆ తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు. ఏజెంటు గది ఖాళీ చేసి పోయాడు. నెలలు చూసి ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నారు. అర్జీ పెట్టిన ఇళ్ళు ఇంకా కొన్ని ఉండేవి. ఏడాదిన్నర తర్వాత ముద్ర వేసిన ఉత్తరం వచ్చింది. నిపుణులు సరిచేసిన పట్టిక ప్రకారం ఆ సంవత్సరం బయల్దేరినవారందరూ గమ్యం చేరారు, కాబట్టి వెతకాల్సిన అవసరం లేదు అని. నిపుణులు అంటే ఎవరో మీకు చెప్పక్కర్లేదు కదా.

"మరి అప్పుడే వచ్చి చెప్పలేదేం?" అంది ఆవిడ. అన్నాక, ఆ మాట ఎందుకన్నానా అని తనని తనే తిట్టుకుంది.

"ఏం చెప్పను మేడమ్? లెక్క తప్పిందన్నారే గానీ ఎంత తప్పిందో నాకెవరూ చెప్పలేదు. అంత చదువుకున్నవాళ్ళు అంటున్నారు కదా, నా వేలే జారిందేమో అనుకున్నా. చెల్లి చేరిపోయిందనుకోవడానికి నాకూ బాగానే ఉంది. ఎనిమిది నెలల క్రితం మా అమ్మాయి కాలేజీ నించి మీ వ్యాసం అచ్చయిన పుస్తకం తెచ్చింది. 'నాన్నా, నీలాంటివాడి మీద జోకుంది' అని చదివి నవ్వింది. పట్టికలో తేడా నలభై ఒకటి అని ఉంది."

సంచిలోంచి పొడుగాటి రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. రేవు వాళ్ళు పాత కాగితాలు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. రోజువారీ గేటు పుస్తకం.

"ఇది మీరు అప్పుడు అడిగుంటే ఇచ్చేవాణ్ణండి. గేటు పక్క గదిలోనే ఉండేది."

ఆవిడ అడగలేదు. ఏడాది మొత్తం అంకె ఒక్కటి ఫోనులో చెప్పించుకుని రాసుకుంది. వరండాల్లో అంతమందిని అన్ని ప్రశ్నలు అడిగిన మనిషి, గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆయన్ని రెండు రోజులు ఆగి రమ్మని, అవతలి ఒడ్డు కార్డుల నకళ్ళు ఇనుప బీరువా అడుగు సొరుగులోంచి తీయించింది. ఒక పక్క రిజిస్టరు, ఒక పక్క కార్డులు పెట్టుకుని, తేదీ తర్వాత తేదీ స్కేలు జరుపుకుంటూ పోయింది. జనవరి సరిపోయింది. ఫిబ్రవరి సరిపోయింది. పది మంది వెళ్తే పది మంది, రెండు వందల ఆరుగురు వెళ్తే రెండు వందల ఆరుగురు. ఎక్కడైనా ఒక్కటి తప్పితే బావుండునని ఆశగా వెతికింది, సిగ్గు విడిచి చెప్పాలంటే. సెప్టెంబర్‌లో ఒక తేదీన నలభై ఒక్కమంది వెళ్ళారు. మర్నాడు అవతల ఎవరూ దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. మళ్ళీ అక్కణ్ణించి డిసెంబర్ ఆఖరి దాకా ఒక్క అంకె తేడా లేదు. ఏడాది పొడుగునా ఆ వేలు ఒక్క నొక్కు కూడా జారలేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ప్రెస్సుకి ఫోన్ చేసి, ఆ ఏడాది లెక్కలున్న ఏడో పట్టికా దాని పటమూ ఆపమంది.

"బాబాయ్, ఆ నలభై ఒకటీ పటంలోకి రావాలి."

"యాభైకి తక్కువైతే గీత పడకూడదని నువ్వేగా అమ్మాయ్ నియమం పెట్టావు."

"నియమం సంగతి వదిలెయ్యండి. గీయండి."

బాబాయి పెన్ను తీశాడు. స్కేలు పెట్టాడు. "ఎక్కడిదాకా గీయను?" అన్నాడు. ఆవిడ పటం వైపు చూసింది. ఆయన పెన్నుకి మూత పెట్టేశాడు.

మూడో రోజు గుమాస్తా వచ్చాడు. ఆవిడ లేచి నిలబడి, "మీ లెక్క కరెక్టు. తప్పు నాది. పుస్తకంలో రాస్తాను, మా పత్రికలో క్షమాపణ వేస్తాను, ఆఫీసుకి కూడా ఉత్తరం పెడతాను" అంది.

"సంతోషమండి. కానీ మా అమ్మ పత్రికలు చదవదు."

"అంటే?"

"ఎనభై మూడేళ్ళు మేడమ్. చెల్లి చేరింది, మమ్మల్ని కావాలని మర్చిపోయింది అని ఇన్నేళ్ళూ నమ్ముతోంది. నేను చెబితే వినదు. 'నీకు లెక్క రాదని గవర్నమెంటే రాసింది కదరా' అంటుంది. ఆ కాగితం మీ పట్టిక మీద వచ్చింది. మీరే వచ్చి చెప్పాలండి."

ఆవిడ నీళ్ళు నమిలింది. పుస్తకం ప్రూఫులు దిద్దాలంది. ఆ వయసు మనిషికి ఇప్పుడు చెప్పడం అవసరమా, తట్టుకోగలదా అంది. గాజు బల్ల మీంచి బాబాయి, "కాగితం మీద రాసేటప్పుడు ఇన్ని సందేహాలు రాలేదే" అన్నాడు, ఎవరినో అన్నట్టు. ఆవిడ మొహం ఎర్రబడింది. సంచి తీసుకుని బయల్దేరింది.

మూడో అంతస్తు. మెట్ల కటకటాలకి రంగు పెచ్చులు లేచిపోయి ఉంది. రెండు గదుల ఇల్లు. కిటికీ పక్క మంచం మీద ముసలావిడ ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని బటాణీలు ఒలుస్తోంది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. కళ్ళు సరిగ్గా ఆనవని చూస్తేనే తెలుస్తోంది.

"అమ్మా, ఆ పట్టిక వేసినావిడ వచ్చారే."

"ఆహా! రండమ్మా, కూర్చోండి. ఒరేయ్, ఆ కుర్చీ మీద బట్టలు తియ్యి. మీరైనా వీడికి గట్టిగా చెప్పండి. ఎనిమిది నెలలుగా చెల్లి పోయింది, పోయింది అని నా ప్రాణాలు తోడేస్తున్నాడు. ఎక్కడికి పోతుంది? హాయిగా ఉంది. కొత్త ఊరు, కొత్త సంసారం. ఇద్దరు పిల్లలుండి ఉంటారు. పెద్దదానికి ఈపాటికి ఇరవై ఎనిమిది. అది కూడా వాళ్ళమ్మలా పొడుగే అయ్యుంటుంది." బటాణీ గింజలు పళ్ళెంలో టపటపా పడ్డాయి. "నేనేమైనా ఊరుకున్నాననుకున్నారా? నీ పిల్లలూ నిన్నిలాగే మర్చిపోతారే అని తిట్టని రోజు లేదు. దాని పేరు ఈ ఇంట్లో ఎత్తితే ఒప్పుకోను."

వేలమంది ఉన్న హాళ్ళలో కాగితం లేకుండా గంటసేపు మాట్లాడిన మనిషి, కుర్చీ అంచుకి జరిగింది.

"అమ్మా..." అంది చివరికి. "మీ అబ్బాయి లెక్క తప్పలేదు. ఆ రోజు వెళ్ళిన లాంచీ అవతలికి చేరలేదు. నలభై ఒక్కమందీ చేరలేదు. మీ అమ్మాయి కూడా. చేరారని నేను రాశాను."

ముసలావిడ చేతులు ఆగాయి. "చూశావా, రాశావా?"

"చూడలేదమ్మా. రాశాను."

కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

"అయితే నా బిడ్డ నన్ను మర్చిపోలేదు" అంది ముసలావిడ.

ఆ ముడతల మొహం మీద ఒక్క క్షణం సంతోషం వచ్చింది. నిజమైన సంతోషమే. దాన్ని చూడలేక ఆవిడ తల దించుకుంది. మళ్ళీ తల ఎత్తేసరికి అది పోయింది.

"అయితే ఆ పిల్లలు కూడా లేరు."

"లేరమ్మా."

"ఇద్దరూ లేరు."

ముసలావిడ పళ్ళెం పక్కన పెట్టి, దిండు కింద తడిమి, ప్లాస్టిక్ కవరులో మడిచిన ఉత్తరం తీసింది. మడతల దగ్గర కాగితం చిరిగి, వెనకాల తెల్ల కాగితం అతికించి ఉంది. "దీని మీద రాయి. అప్పుడు రాసింది నువ్వే కదా, ఇప్పుడూ నువ్వే రాయి."

ఆవిడ పెన్ను తీసింది. ముద్ర పక్కన ఖాళీలో, "ఈమె చేరలేదు. లెక్క తప్పింది గేటు దగ్గర కాదు, నా దగ్గర" అని రాసి, సంతకం చేసి, తేదీ వేసింది. ముసలావిడ దాన్ని కొడుక్కిచ్చి చదవమంది. అతను చదివాడు. మళ్ళీ చదవమంది. రెండోసారీ చదివాడు.

ముసలావిడ చెయ్యి చాచి కొడుకు కుడిచెయ్యి వెతికి పట్టుకుంది. బొటనవేలు గుప్పెట్లోకి తీసుకుని, "నిన్ను కూడా ఎన్ని మాటలన్నానురా, నాన్నా" అంది. అరవైకి దగ్గర పడ్డ ఆ మనిషి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

కాసేపటికి ముసలావిడే మళ్ళీ తలెత్తింది. "మిగతా నలభై మంది ఇళ్ళకి ఎవరు చెప్పారమ్మా?"

ఆవిడ గుమాస్తా వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. "పేర్లు ఏజెంటు దగ్గరే ఉండేవమ్మా. అర్జీలు ఆఫీసువాళ్ళు ఎప్పుడో పారేశారు. నేను పేర్లు రాయలేదు. లెక్కే పెట్టాను."

"నేనూ అంతేనమ్మా" అంది ఆవిడ.

ఆ ఇళ్ళలో ఈ క్షణాన కూడా ఎవరో ఒక తల్లి తిడుతూ ఉండి ఉంటుంది. ఎవరో తమ్ముడు, కూతురి పెళ్ళి కబురు పంపడానికైనా అన్న ఉన్న చోటు తెలియలేదని పళ్ళు నూరి ఉంటాడు. వాళ్ళందరికీ ఒక్కో ఉత్తరం, ఒక్కో ముద్ర. మంచినీళ్ళయినా అడగకుండా ఆవిడ అలాగే కూర్చుంది. ఏదైనా చేయగలిగితే బావుండును. ఆ పళ్ళెం అందుకుని మిగిలిన బటాణీలు ఒలుద్దామా అని కూడా అనిపించింది.

"ఇక నువ్వెళ్ళమ్మా" అంది ముసలావిడ. కోపంగా అనలేదు. "మా పిల్ల పోయింది. మేం ఏడ్చుకోవాలి."

ఆవిడ లేచి, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి పైనించి ఏడుపు మొదలైంది. ముందు తల్లిది, తర్వాత కొడుకుది. ఆ పిల్ల పేరు పెట్టి పిలుస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఎత్తని పేరును మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నారు. పక్క వాటాల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. "ఏమైంది? ఎవరు పోయారు?" అని ఒకావిడ చేతులు తుడుచుకుంటూ మెట్ల మీదికి వచ్చి ఆవిణ్ణే అడిగింది.

ఆవిడ కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది. "నలభై ఒక్కమంది" అంది.